కోడి కింద ఇల్లు

లవినా ప్రూయిట్ ప్రతి శనివారం కోడిపెట్ట మీదెక్కి మెర్విన్ ఊరికి సంతకొచ్చేది. అలాంటిలాంటి కోడి కాదు. దాని తోక నీడలో రెండు గుర్రపు బళ్ళు ఆపుకోవచ్చు. అది గుడ్డు పెడితే పగలగొట్టడానికి రైలు పట్టాలేసేవాళ్ళ దగ్గర సమ్మెట అరువు తేవాల్సి వచ్చేది. నమ్మనివాళ్ళు కౌంటీ మ్యూజియంకి పోయి కళ్ళారా చూసుకోవచ్చు. కిటికీ పక్కన అద్దాల బీరువాలో, ఎవరిదో కాఫీ గింజల తిరగలికి, తుప్పు పట్టిన గుర్రపు నాడాలకు మధ్య పోస్టుకార్డు ఉంది. చుట్టూ మంచు, మంచులో కొండంత కోడి, దాని మెడ దగ్గర గుడ్డ టోపీ కట్టుకుని, మూతి బిగించుకుని లవినా. కింద తెల్లటి అక్షరాలు: 'కాన్సాస్‌లో మేం సంతకెళ్ళేది ఇలాగే.'

ఆ కార్డు అటు కాలిఫోర్నియా దాకా, ఇటు న్యూయార్కు దాకా పోయింది. దానిమీదున్న మనిషి మాత్రం కాన్సాస్‌కొచ్చి దిగాక కౌంటీ పొలిమేర దాటి ఎరగదు.

మెర్విన్ అబద్ధాలకు కాన్సాస్ మొత్తం మీద పోటీ లేదు. ఆ ఊళ్ళో ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు రాదు. గాలి ఎక్కువగా ఉందా అని అడిగితే, "మరీ అంత లేదు, ఆవు ఇక్కడే ఉంది, పాలు మాత్రం పక్క కౌంటీలో పడుతున్నాయి" అంటారు. చేను ఎలా ఉందంటే, "పిచ్చుకలు మోకాళ్ళ మీద వంగి మేస్తున్నాయి" అంటారు. అంటే పైరు జానెడు కూడా లేదని. అలా అనకపోతే ఏడవాలి. ఏడవడం అక్కడ మర్యాద కాదు. పంట పోయినవాడు ఎంత పెద్ద అబద్ధం ఆడితే అంత ధైర్యవంతుడని లెక్క.

ఆ కోతల రాయుళ్ళ మధ్య కోతలు రాని మనిషి లవినా ఒక్కతే. గాలి ఉందా అంటే ఉంది అనేది. చేను పోయిందా అంటే పోయింది అనేది. అందుకే ఆమెతో మాట్లాడ్డం ఎవరికీ సరదాగా ఉండేది కాదు.

ఆమె మొగుడు ఏసా ఊరికి దూరంగా ఉన్న వాళ్ళ పొలంలో బావి తవ్వాడు. అందరి బావుల్లోనూ ఉప్పునీళ్ళు పడ్డ చోట ఏసాకి మంచినీళ్ళు పడ్డాయి. పడిన వారానికే ఊపిరితిత్తుల జబ్బు చేసి పోయాడు. లవినా అతన్ని బావికి ఎగువన పూడ్చిపెట్టి, గడ్డి వేళ్ళతో సహా కోసిన మట్టి పెళ్ళలు పేర్చి కట్టిన ఆ ఒంటిగది ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. పిడకలు ఏరుకుని పొయ్యి రాజేసుకుంది. ప్రభుత్వం పొలం ఊరికే ఇస్తుంది. కాకపోతే అయిదేళ్ళు అక్కడే ఉండి దున్నుకోవాలి, ఆర్నెల్లకు మించి పొలం వదిలి పోకూడదు. అయిదేళ్ళయ్యాక ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్ళి ఉన్నానని రుజువు పెట్టుకోవాలి. రుజువు కుదిరితే పొలం, బావి, సమాధి ఆమెవి. కుదరకపోతే ఎవరివో.

1908 చలికాలం వచ్చేసరికి చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. వరసగా రెండో పంట పోయింది. జనం పెళ్ళాలవైపు చుట్టాల్ని వెతుక్కుంటూ తూర్పుకు పోయారు. మిగిలింది లవినా, ఆమెకు పడమటి వైపు నెల్స్ ఓవర్బీ అనే నార్వే బ్రహ్మచారి. అతనికి ఇంగ్లీషులో 'యా' తప్ప ఇంకో మాట మీద నమ్మకం లేదు.

మూడోవాడు కోరి వచ్చి ఇరుక్కున్నాడు. పేరు క్లాడ్ బాస్కమ్, మెర్విన్‌లో ఫోటోలు తీసేవాడు. మంచు ఫోటోలు తీద్దామని బండి కట్టుకుని వచ్చాడు. ఆ రాత్రి కురిసిన మంచుకు బండి ఇరుసు విరిగింది, గుర్రం చచ్చింది. చలికాలమంతా పడుకున్నది నెల్స్ గుడిసెలో, తిన్నది లవినా దగ్గర. మొక్కజొన్న జావ, చిక్కుళ్ళు, ఆదివారాల్లో ఉప్పు పంది ముక్క. కాఫీ గింజలు అయిపోయాక బార్లీ మాడ్చి కాచి ఇస్తే, "పిన్నీ, దీంతో బూట్లకు పాలిష్ కూడా పెట్టుకోవచ్చు" అంటూనే రెండో కప్పు చాపేవాడు. లవినాకు నవ్వొచ్చేది. ఏసా పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడ్డం అదే మొదలు. అందుకని జావ తనకు తక్కువైనా వాడికి ఇంకో గరిటె వేసేది.

జనవరిలో ఒకరోజు ఎండ కాసింది. క్లాడ్ కెమెరా బయటికి తీసి, వాకిట్లో పీపా బోర్లించి ఆమెను దానిమీద కూర్చోబెట్టాడు. వెనకాల ఇల్లు, ఇంటి మీద పొగ. ఒహాయోలో ఉన్న చెల్లెలికి పంపుకోవచ్చని లవినా టోపీ సరిగ్గా కట్టుకుని కూర్చుంది. మూతి అలా పెడితే కెమెరాలో ఫోటో పడే అద్దం పలక పగిలిపోతుందని క్లాడ్ అన్నాడు. ఆమె మూతి అలాగే ఉంచింది.

వేసవిలో చేతికొచ్చింది ఆ కోడి కార్డు. ఆమె కింద పీపా బదులు కోడి ఉంది. చెల్లెలికి పంపడానికి మొహం చెల్లలేదు. అయినా చింపలేదు. తను ఏదో ఒకదాని మీద ఎక్కి ఎక్కడికో పోతున్నట్టు ఉండటం కొంచెం బాగానే ఉంది. అద్దం చట్రంలో గుచ్చుకుంది.

మరుసటేడు అయిదేళ్ళూ నిండాయి. పేపర్లో ప్రకటన వేయించి, నెల్స్‌నీ క్లాడ్‌నీ సాక్షులుగా పెట్టుకుని భూముల ఆఫీసుకు పోయింది. సాక్షుల్ని ఒక్కొక్కర్నే లోపలికి పిలిచారు. లవినా బయట బెంచీ మీద కూర్చుంది. నెల్స్ లోపలున్నంతసేపూ 'యా, యా' అని వినపడింది. క్లాడ్ వెళ్ళిన కాసేపటికి లోపల నవ్వులు మొదలయ్యాయి. ఒకళ్ళు ఇద్దరు కాదు, గదంతా నవ్వింది. లవినా కూడా బయట కూర్చుని నవ్వుకుంది. అంత నవ్వుతున్నారంటే పని అయిపోయినట్టేనని అనుకుంది.

లోపల రాసుకుంటున్న గుమాస్తా పేరు విన్. ఫిలడెల్ఫియా నుంచి కొత్తగా వచ్చాడు. వచ్చిన వారంలో ఊరివాళ్ళు చెప్పిన గాలికబుర్లన్నీ నిజమనుకుని ఇంటికి ఉత్తరాలు రాసి నవ్వులపాలయ్యాడు. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. ఇక్కడివాళ్ళు ఏం చెప్పినా పైన అబద్ధం ఒలిచిపారేసి లోపలున్న గింజను పట్టుకోవాలి. మంచి నియమమే. ఏ కోతలోనైనా గింజ ఉంటుందని అతను నమ్మడమే దానికి దెబ్బ. మెర్విన్ కోతల్లో ఊకే ఉంటుంది.

ఆ ఎండాకాలం పోయి ఆకు రాలేవేళకు ఎమరీ గ్రిగ్స్ అనే భూముల వ్యాపారి లవినా పొలం మీద ఫిర్యాదు వేశాడు. ఆమె అక్కడ ఉండలేదని, ఆ సంగతి ఆమె సాక్షే ప్రమాణం చేసి చెప్పాడని. లవినా ఆ కాగితం కోటు లోపల పెట్టుకుని మెర్విన్‌కి నడిచింది. క్లాడ్ దుకాణంలో గుమ్మడికాయంత ఉల్లిపాయ బొమ్మను బండి ఫోటో మీద అతికిస్తున్నాడు.

"లోపల ఏమన్నావురా?" అంది.

క్లాడ్ కత్తెర పక్కన పెట్టాడు. "ఏమంటాను పిన్నీ. ఆమె ఎప్పుడైనా పొలం వదిలి పోయిందా అని గుమాస్తా అడిగాడు. 1908 శీతాకాలం మొదట్లో గాలికి ఇల్లు ఆమెతో సహా కొలరాడో పోయిందండీ, అక్కడి వంటలు పడక వేసవికి తిరిగొచ్చింది అన్నాను. అందరూ నవ్వారు. ఆ విన్ కూడా నవ్వాడు."

"నవ్వి ఏం రాశాడు?"

క్లాడ్‌కి తెలియదు. రైలుకు టైమవుతోందని చదవకుండా సంతకం పెట్టాడు. లవినా కాగితం విప్పి చదివి వినిపించింది. విన్ గాలిని తీసేశాడు. ఎగిరిన ఇంటినీ తీసేశాడు. మిగిలింది చక్కని ఇంగ్లీషులో ఒక్క వాక్యం: దరఖాస్తుదారు 1908 శీతాకాలం ఆరంభంలో కొలరాడో వెళ్ళి, మరుసటి వేసవిలో తిరిగివచ్చినది. అంటే ఆర్నెల్లు దాటినట్టే.

అది అబద్ధమని క్లాడ్ ఇప్పుడు పోయి చెబితే, బైబిల్ మీద చెయ్యేసి అబద్ధం ఆడినందుకు జైలు. లవినా ఆలోచన ఇంకో దాని మీద ఉంది.

"ఆ ఫోటో అసలు పలక ఉందిగా. కోడి లేనిది. వెనకాల ఇల్లుంటుంది, పొగ ఉంటుంది, చుట్టూ మంచుంటుంది. ఆ చలికాలం నేను అక్కడే ఉన్నానని అదే చెబుతుంది. అది ఇవ్వు చాలు."

ఆమె మళ్ళీ అడిగాక క్లాడ్ లోపలికి పోయి అద్దం పలక తెచ్చి కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. పీపా మీద లవినా ఉంది. ఆమె వెనకాల ఏమీ లేదు. ఇల్లు ఉన్నంతమేరా కత్తితో గీకేసిన ఉత్త గాజు. అందులోంచి వీధి అవతల గుర్రాల కొట్టం కనపడుతోంది.

"బొమ్మలో కోడి పట్టాలంటే ఇల్లు తియ్యాలి కదా పిన్నీ," అన్నాడు.

విచారణ రోజున క్లాడ్ టై కట్టుకుని వచ్చాడు. జైలైనా సరే నిజం చెప్పేస్తానని దారి పొడుగునా లవినాకు చెబుతూనే ఉన్నాడు. చెప్పాడు కూడా. ఆ చలికాలం తను ఆమె చేతి తిండే తిన్నానని, ఆమె పక్క చేను దాకా కూడా కదల్లేదని, కొలరాడో మాట నవ్వులాటకు అన్నానని. అప్పుడు గ్రిగ్స్ లాయరు కోటు జేబులోంచి కార్డు తీశాడు.

"ఇది తమరు చేసిందేనా?"

"అవునండీ."

"ఇంత కోడి ఎక్కడైనా ఉందా?"

క్లాడ్ బతుకులో ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పి ఎరగడు. ఆ రోజు చెప్పాడు. "లేదండీ" అన్నాడు. గది ఘొల్లుమంది. వాడి నోటివెంట వచ్చిన వాటన్నిటిలోనూ జనానికి అదే పెద్ద జోకు అనిపించింది. బల్ల వెనక కూర్చున్న అధికారి కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆగేదాకా ఉండి, సాక్షి రెండుసార్లు ప్రమాణం చేసి రెండు రకాలుగా చెప్పాడు గనక అతని మాట ఏదీ లెక్కలోకి రాదని లాయరు అన్నాడు. జైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. కోతల రాయుణ్ణి జైల్లో పెట్టాలంటే మెర్విన్‌లో గోడలు చాలవు. నెల్స్ లేచి 'యా' అన్నాడు. అది కూడా నవ్వులోనే కలిసిపోయింది. ఒక్క సాక్షితో రుజువు కుదరదు. పొలం పోయింది.

గ్రిగ్స్ ఇల్లు పడగొట్టించి ఆ మట్టి పెళ్ళలు పందుల దొడ్డికి వాడుకున్నాడు. బావికి గాలిమర బిగించి మందలకు నీళ్ళు పెట్టాడు. ఏసా సమాధిని తవ్వుకుని తీసుకుపొమ్మనలేదు, పశువులు తొక్కకుండా కంచె మాత్రం ఎవరి ఖర్చుతో వాళ్ళు వేసుకోమన్నాడు. గ్రిగ్స్ పెద్దమనసు గురించి చర్చిలో ఒక ఆదివారం మాట్లాడారు కూడా.

లవినా మెర్విన్‌లో రైలు స్టేషను పక్క హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. ఆ హోటలు బల్ల మీదే కోడి కార్డులు అమ్మేవాళ్ళు. రైలు దిగినవాళ్ళు కార్డు చూసి, దుప్పట్లు మోసుకుపోతున్న ఆమెను చూసి, కోడిని ఎక్కడ కట్టేశావమ్మా అని అడిగేవాళ్ళు. కొడదామన్నా ఆమె చెయ్యి ఖాళీ ఉండేది కాదు, ఖాళీ ఉన్నా ఏం చేసేదో తెలియదు. కోడి లేదు అని చెప్పి లోపలికి పోయేది. వాళ్ళు నవ్వేవాళ్ళు.

క్లాడ్ ఆ ఏడాదే దుకాణం ఎత్తేసి పడమటికి పోయాడు. ఎందుకు పోయాడన్నదానికి మెర్విన్ తన పద్ధతిలో జవాబు చెప్పుకుంది. లవినా పంగలకర్ర పట్టుకుని అతన్ని కొలరాడో సరిహద్దు దాకా తరిమిందని, క్లాడ్ ఎంత జోరుగా ఉరికాడంటే అతని నీడ మర్నాటికి గానీ అందుకోలేకపోయిందని, ఆ దారిలో ఈనాటికీ గడ్డి మొలవదని. ఈ కథ బాగా కుదిరింది. పిల్లలకు చెప్పారు, ఆ పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ పిల్లలకు చెప్పారు. పొలం ఎలా పోయిందో అడిగేవాళ్ళు తగ్గిపోయారు, ఎంత దూరం తరిమావని అడిగేవాళ్ళు పెరిగారు.

లవినాకు డెబ్భై దాటాక, కౌంటీ ఉత్సవానికి పాతవాళ్ళ జ్ఞాపకాలు పోగు చెయ్యడానికి అడీలా వాస్ అనే టీచరమ్మ హోటలు వెనక గదికి వచ్చింది. తరిమిన కథను తనే మొదట్నుంచీ చెప్పి, పకపకా నవ్వి, మీ నోటితో చెప్పండి ప్రూయిట్ అమ్మమ్మా, సరిహద్దు దాకా తరిమారా, లేక ఇంకా అవతలికా అని అడిగింది. ముసలామె అన్నది అన్నట్టే టైపు కొట్టించి బీరువాలో పెట్టారు:

"తరమలేదు. ఊరొదిలే ముందు క్లాడ్ వచ్చాడు, కూర్చున్నాడు, కాఫీ ఇచ్చాను, తాగి పోయాడు. ఆ చలికాలం ఆమె ఇంట్లోనే ఉందా అని భూముల ఆఫీసులో వాణ్ణి అడిగారు. ఉంది అంటే సరిపోయేది."