బుల్డోజరా, పాదరసమా: వాల్టర్‌తో షికాగో మ్యాచ్‌కి

ఎనభైల మొదట్లో మేం షికాగో దగ్గర అరోరాలో ఉండేవాళ్లం. పక్కింటి వాల్టర్ రైల్వేలో రిటైరైన మనిషి. నాకు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పింది ఆయనే. బంతిని చంకలో ఇరికించుకుని ఎదుటి జట్టును చీల్చుకుంటూ పరుగెత్తే ఆటగాడిని రన్నింగ్ బ్యాక్ అంటారు. అలాంటి ఇద్దరి గురించి ప్రతి ఆదివారం టీవీ ముందు మాకు వాదనే. షికాగో ఆటగాడు అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ పోయేవాడు. అతనికి బుల్డోజర్ అని పేరు పెట్టాను. డెట్రాయిట్ ఆటగాడు ఎవరి చేతికీ చిక్కడు కాబట్టి పాదరసం అన్నాను. వాల్టర్‌ది బుల్డోజర్ పక్షం, నాది పాదరసం. ఆ ఏడాది షుగర్ వల్ల వాల్టర్ చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనేది కాదు. గడప దాటడం మానేశాడు, టీవీ పెట్టడమూ మానేశాడు. డెట్రాయిట్ జట్టు షికాగో వస్తోందని తెలిసి ఆయన భార్య డొరతీ నన్ను కంచె దగ్గరికి పిలిచింది.

"నేనడిగితే విసుక్కుంటాడు రావ్. నువ్వు తీసుకెళ్తావా?"

అడిగాను. "కళ్లు కనపడనివాడికి టికెట్ వేస్ట్," అన్నాడు వాల్టర్.

"చూడ్డం నా పని. మీరు వాదించడానికి రండి."

వాల్టర్ కుర్చీలో ముందుకి జరిగాడు. తర్వాత, "ఆదివారం ఎన్నింటికి?" అన్నాడు.

అరోరాలో తొమ్మిదింటి రైలెక్కితే పదిన్నరకల్లా షికాగోలో దిగాం. అక్కణ్ణించి సరస్సు ఒడ్డున ఉన్న స్టేడియానికి నడిస్తే ముప్పావుగంట. వాల్టర్ కోసం మూడు డాలర్లిచ్చి టాక్సీ ఎక్కాం. ఇద్దరిలో ఎవరు గొప్ప అని వాల్టర్ డ్రైవర్‌ని అడిగాడు.

"పొద్దుట్నుంచి అందరూ ఇదే క్వశ్చన్ సార్. ఎవరి పేరు చెప్పినా నాకు టిప్ పోతోంది!"

వాల్టర్ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని నెలలైంది.

ఆట మధ్యాహ్నం పన్నెండింటికి మొదలైంది. మొదట్లో నా కామెంటరీ ఘోరంగా సాగింది. "ఇటు పోయాడు, అటు తిరిగాడు," అంటుంటే వాల్టర్ కసిరాడు. "ఇటంటే ఎటు? సరస్సు మనకి ఎదురుగా ఉందా?"

"ఉంది."

"అయితే అది తూర్పు, నీ ఎడమవైపు ఉత్తరం. దిక్కులు చెప్పు."

అప్పణ్ణించి గాడిలో పడ్డాను. మాటలు దొరకని చోట కబడ్డీ గుర్తుతెచ్చుకున్నాను. కూతకెళ్లినవాడు ముట్టుకున్నట్టే ముట్టి వెనక్కి జారిపోతాడే, పాదరసం అలా తప్పించుకున్నాడని చెప్పాను. బుల్డోజర్ గురించి చెప్పాల్సిన పనే లేకపోయింది. ముగ్గురు అతని మీద పడ్డ చప్పుడు కిందివరుసలో ఉన్న మా దాకా వినిపించింది. "వాళ్లని కూడా రెండడుగులు లాక్కుపోయాడు కదూ?" అన్నాడు వాల్టర్. నిజమే, లాక్కుపోయాడు.

మూడో క్వార్టర్‌లో పాదరసం మా వైపు మైదానం అంచు గీత పక్కనుంచే దూసుకొచ్చాడు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు. నేను నోరు తెరుచుకుని చూస్తూ చెప్పడం మర్చిపోయాను. వాల్టర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సారీ వాల్టర్, నేను..."

"చెప్పొద్దు. వింటున్నాను."

షికాగో గెలిచింది. తిరుగు రైల్లో ఆయన, "నీవాడే గొప్పవాడు రావ్," అన్నాడు. "బుల్డోజర్ పరుగు తీస్తే అందరూ అరిచారు. నీవాడు పరుగు తీస్తే స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టింది. ఇది టీవీలో ఎప్పుడూ వినపడలేదు."

నాకేమో ఆ పూట బుల్డోజర్ మీద గౌరవం పెరిగింది. బంతి తన దగ్గర లేనప్పుడు కూడా తోటివాణ్ణి కాపాడడానికి శత్రువుల కాళ్లకు అడ్డంపడ్డాడు. కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి అదెన్నడూ నా కంటపడలేదు. ఆ మాటే చెప్పాను. పక్షాలు మార్చుకుని మళ్లీ అరోరా దాకా వాదించుకున్నాం. స్టేషన్ బయట డొరతీ కారులో ఎదురుచూస్తోంది. పలకరింపులేవీ లేకుండానే వాల్టర్, "వచ్చే ఆదివారం ఆట వినాలి, ఇంట్లో ఉన్న ఆ చిన్న రేడియోకి బ్యాటరీలు కొనాలి," అన్నాడు. ఆమె ఇంటివైపు కాకుండా కొట్ల వైపు కారు తిప్పింది.

ఎవరు గొప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక మనిషికి కళ్లుగా కూర్చుంటే ఎంత శ్రద్ధగా చూడాల్సొస్తుందో మాత్రం ఆ రోజు తెలిసింది. అంతకుముందు రెండేళ్లు నేను ఆట చూడలేదు, టీవీ చూశాను, అంతే. చూపు తగ్గినవారిని మ్యాచ్‌కి తీసుకెళ్లేవాళ్లు పై వరుసల్లో చవకైన సీట్లకు ఆశపడకండి. అక్కడ లౌడ్‌స్పీకర్ తప్ప ఏమీ వినపడదు. గీతకు దగ్గరగా, కింది వరుసలోనే తీసుకోండి.