వాగు పీతలు తెచ్చిన దగ్గు

ఆ ఇంటి చిన్నకోడలు బట్టలు కుడుతుంది. నోరు పదునని వీధంతా ఆమెను కత్తెరమ్మ అంటారు. దగ్గితే రక్తం పడడం మొదలయ్యాక ఆ నోరు మూతపడింది. కఫం పరీక్షలో ఏమీ కనిపించకపోయినా క్షయే అన్నాడు డాక్టరు. తోడికోడలు ఆమె కంచం, గ్లాసు వేరుచేసింది. బట్టలు కుట్టించుకునేవాళ్లు గడప తొక్కడం మానేశారు. నెలల తరబడి మందులు మింగినా దగ్గు తగ్గలేదు.

చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కఫాన్ని మళ్లీ పరీక్ష చేయించి, అందులో పురుగు గుడ్లు చూసి, "పీతలు తింటావామ్మా?" అని అడిగింది.

"వాగు పీతలండీ. మా బావగారు నిప్పుల మీద కాలుస్తారు."

"అవి సరిగ్గా కాలలేదు. వాటిలోని పురుగులు బతికే ఉండి నీ ఊపిరితిత్తుల్లో చేరాయి. ఇది క్షయ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మాత్రలతో పోతుంది."

కత్తెరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి అరిచింది.

"ఎక్కువ కాలిస్తే రుచి పోతుందని పచ్చిపచ్చిగా పెట్టింది మీరు బావగారూ! నన్ను మూల కూర్చోబెట్టిందీ మీరంతా కలిసే! ఏం తిన్నావని ఒక్కరైనా అడిగారా?"

తోడికోడలు బిక్కమొహం వేసి, "మేమూ తిన్నాం కదే, మాకూ ఉంటుందా?" అంది.

"నన్నడుగుతావేం? రేపు పరీక్షకు పదండి, అందరూ!"

మర్నాడు తనే తీసుకెళ్లింది. బావగారి కఫంలోనూ పురుగు గుడ్లు బయటపడ్డాయి. మాత్రలు ఎలా వేసుకోవాలో ఆయనకు చెప్పింది గానీ, కోపం మాత్రం చల్లారలేదు. తన దగ్గు తగ్గిన చాన్నాళ్లకు కూడా ఆ ఇంట్లో ఎవరితోనూ పొడిపొడిగా తప్ప మాట్లాడలేదు.