ఎవరూ దగ్గని వరుస

పోయిన వారం నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆటో కోసం నిలబడి ఉంటే ఎదురుగా ఒక ఫ్లెక్సీ కనబడింది. తెల్లకోట్లు తొడుక్కున్న పిల్లలు నవ్వుతూ చేతులు ఊపుతున్నారు. విదేశాల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్ళకు ఉచిత వైద్యం చేయడానికి బయలుదేరుతున్న బృందానికి అభినందనలట. అక్షరం కనబడితే చివరిదాకా చదవకుండా వదలలేని అలవాటు నాది కాబట్టి, అడుగున సన్నగా వేసిన దాతల పేర్లతో సహా చదివాను. ఈలోపు రెండు ఆటోలు వెళ్ళిపోయాయి. చదవడం అయ్యేసరికి నోరంతా చేదైంది. ఆ చేదు ఎక్కడిదో నా ఈడువాళ్ళకు చెప్పుకోవాలనిపించింది.

నేను పదో తరగతితో చదువు ఆపి నారాయణగూడలో ఒక మందుల దుకాణంలో చేరినవాణ్ణి. మధ్యాహ్నం దుకాణం మూసే రెండు గంటల్లో అందరూ కునుకు తీస్తే నేను చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచేవాణ్ణి. పోటీ పరీక్షల పిల్లలు అప్పటికింకా కుర్చీలన్నీ ఆక్రమించలేదు. ఫ్యాను కింది చోటు కోసం మీలో కొందరు నాతో పోటీ పడే ఉంటారు. నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు వైద్యగ్రంథాలు ఒక్కొక్క పేజీ కూడబలుక్కుంటూ చదివాను, ఊపిరితిత్తుల జబ్బుల పుస్తకమైతే మూడుసార్లు. కాలేజీ మెట్లెక్కకుండా సంపాదించిన చదువు అది. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

దుకాణం పక్కనే క్లినిక్ నడిపే డాక్టరమ్మకు నా చదువంటే ముచ్చట. పదిహేనేళ్ళ కిందట, గల్ఫ్‌లో ఒక టైల్స్ ఫ్యాక్టరీలో పనిచేసే మనవాళ్ళకు వారం రోజుల శిబిరం పెట్టడానికి మరో ముగ్గురు డాక్టర్లతో వెళ్తూ, నన్నూ రమ్మన్నారు. ఆమెది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అక్కడున్నవాళ్ళు కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్ళు. ఆమె ముందు నోరు విప్పనివాళ్ళు నా ముందు విప్పుతారని ఆమె అంచనా. మా ఆవిడ సుల్తాన్ బజార్ వెళ్ళి పెట్టె కొనుక్కొచ్చి, అందులో సగం పుస్తకాలే సర్దానని పోట్లాడింది.

డాక్టరమ్మ అంచనా నిజమైంది. భోజనాల షెడ్డులో బల్లలు వేసుకొని కూర్చుంటే, పని దిగినవాళ్ళు కనుబొమల మీద తెల్లటి దుమ్ముతోనే వచ్చి వరుసలో నిలబడేవారు. డాక్టరు దగ్గరికి పంపేముందు నేను ఒక్కొక్కరికీ కార్డు రాయాలి. నాది హైదరాబాద్ అశోక్‌నగర్ అని, మాట కూడా తమలాంటిదేనని తెలియగానే, బంధువు దొరికినట్టు ఊరిసంగతులతో సహా చెప్పుకునేవారు. అన్నం అరగడం లేదన్న ఒకాయనకు గోలీలు రాయిస్తానంటే, “నాకెందుకన్నా, ఆ వండేటోనికియ్యుండ్రి” అన్నాడు, వరుసంతా నవ్వింది. నవ్వుతూనే సగంమంది దగ్గారు.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకతను టైల్స్ మట్టిని పొడిచేసే గదిలో పనిచేసేవాడు. ఆరునెలలుగా మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున దగ్గు ఆగదని, పక్కమంచం వాళ్ళు తిడతారని దిండు నోటికి అడ్డం పెట్టుకుంటానని అన్నీ చెప్పాడు. నేను చదివిన పుస్తకంలో పేజీ కళ్ళముందు తెరుచుకుంది. కలం తీయగానే అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

“అన్నా, నువ్వు మనోనివని చెప్పిన. కాయిదం మీద మాత్రం రాయకు. వీళ్ళకు తెలిస్తే ఇంటికి తోలుతరు.”

రాయకపోతే వైద్యం ఎలా జరుగుతుందని నేను అతనికి నచ్చజెప్పాను. దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎలా పేరుకుంటుందో వివరించాను కూడా. అతను చేయి వదిలేశాడు. నేను నిండుగా రాశాను, జబ్బు పేరుతో సహా, మంచి ఇంగ్లీషులో. డాక్టరమ్మ పరీక్షించి, కార్డు చదివి, “మా హౌస్ సర్జన్లు కూడా ఇంత బాగా రాయరండీ” అన్నారు. ఆ మెప్పుకే ఆరోజు నా కడుపు నిండిపోయింది.

చివరిరోజు కంపెనీ అధికారి వచ్చి కార్డులు తమకిస్తే తమ వైద్యుడు చికిత్స కొనసాగిస్తాడన్నాడు. డాక్టరమ్మకు గానీ నాకు గానీ అనుమానం రాలేదు. గ్రంథాలయంలో చూసిన పద్ధతిలో నేనే కార్డులన్నీ అక్షరక్రమంలో పేర్చాను. దుమ్ముదగ్గు ఉన్న పదకొండుగురివి విడదీసి, ఎర్రదారం కట్టి, ముందుగా వాళ్ళకే వైద్యం అందాలని అన్నిటికన్నా పైన పెట్టాను.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం. వరుస అంతే పొడుగు, కనుబొమల మీద దుమ్మూ అంతే. కానీ షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఎవరిని అడిగినా బాగున్న సార్, ఏం లేదు సార్. నిరుడు అన్నా అన్నవాళ్ళే సార్ అంటున్నారు. ఒకతని మెడనరాలు ఉబ్బి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా దగ్గు బిగబట్టి నిలబడ్డాడు. జగిత్యాలతని పక్కమంచం మనిషి నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు, అతనెలా ఉన్నాడని అడిగాను.

“ఆ ఎర్రదారం కట్టల ఉన్న పదకొండు మందిని మీ విమానం ఎన్కనే పంపిచ్చిండ్రు. దగ్గు తగ్గిందో లేదో తెల్వది సార్. కొలువైతే పోయింది. నాకేం లేదు, రాసుకోండ్రి.”

రాసుకున్నాను. అతను మాట్లాడుతుంటే ఛాతీలో పిల్లికూతలు నాకు వినబడుతూనే ఉన్నాయి. ఏ జబ్బూ లేదని రాశాను. ఆ వారమంతా అదే మాట రాశాను. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, నా మొహం చూసి, సంతకం చేసేవారు. వెళ్ళేరోజు అధికారి మా శిబిరం పుణ్యాన మనుషులంతా ఆరోగ్యంగా ఉన్నారని శాలువాలు కప్పాడు. తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మూడో ఏడు మేం వెళ్ళలేదు. ఆమె ఇప్పుడు లేరు. జగిత్యాలతని ఊరు పేరు, ఇంటిపేరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. బస్సెక్కితే పూటలో చేరే దూరం. వెళ్ళలేదు.

ఇప్పుడు మందుల దుకాణానికి వచ్చేవాళ్ళు ఫోను చూపించి, డబ్బా తీసుకొని, తలెత్తకుండా వెళ్ళిపోతారు. మా రోజుల్లో బల్ల మీద మోచేతులు ఆనించి, కడుపునొప్పితో మొదలుపెట్టి కోడలిదాకా చెప్పుకునేవారు. మనుషుల మధ్య ఆ నమ్మకం ఎట్ల పోయిందో ఏమోనని నా తోటివాళ్ళు సాయంత్రాలు లోయర్ ట్యాంక్ బండ్ వైపు నడుస్తూ నిట్టూరుస్తుంటారు. అన్నిచోట్లా ఎలా పోయిందో నాకు తెలియదు. ఒకచోట మాత్రం పోగొట్టింది నేనే.