రాష్ట్రమొస్తే ఇస్తనన్న మేకపోతు

జిల్లాలు ఎక్కువైనప్పటి నుంచి పేపర్ పల్చబడ్డది. ఇది నా ఒక్కని బాధే కావచ్చు. ఇంతకుముందు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఒకే జిల్లా పేజీల్లో పక్కపక్కన ఉండేటివి. ఒక చాయ్ తాగేలోపు మూడు ఊర్ల మంచిచెడ్డలు తెలిసేటివి. ఇప్పుడు కోరుట్లలో కూర్చున్నోనికి జగిత్యాల పేజీ ఒక్కటే వస్తది. సిరిసిల్లలో ఏమైందో తెలవాలంటే సిరిసిల్లకే పోవాలె. పేపరాయనను అడిగితే, "సార్, గా పేజీ గా జిల్లాలనే ఏస్తరు. అయినా మీకు గక్కడేం పని?" అన్నడు.

పేపర్ చదువుడు నాకు అలవాటు కాదు, ఒకప్పుడు అది ఇంట్లో డ్యూటీ. ఏడాదిన్నర దాక మా అవ్వకు రోజూ పొద్దున చదివి వినిపించిన. అవ్వ అంటే మా దిక్కు అమ్మనే. ఆమెకు కావల్సిన వార్త ఒక్కటే: రాష్ట్రం వచ్చిందా, రాలేదా. ఆ రోజుల్లో తెలంగాణలో అందరికీ కావల్సింది అదే. కాకపోతే అందరూ వచ్చిందని వినడానికి చెవులు రిక్కించుకొని ఉండేటోళ్లు. మా అవ్వ రాలేదని వినడానికి కూర్చునేది.

దానికి కారణం ఒక మేక.

సమ్మె రోజులవి. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇండ్లల్లో, మేము సార్లమంతా టెంట్ల కింద. నేను ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేటోన్ని. తమ్మునికి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండె. బంద్‌ల పుణ్యాన వారంలో సగం దినాలు దాని షట్టర్ కిందికే ఉండేది. బాపు అప్పటికే పోస్టాఫీసు నుంచి రిటైరయ్యి, ఢిల్లీ మీద కోపంతో ఇంట్లో కూర్చున్నడు. ముగ్గురు మొగోళ్లు పని లేకుండా ఒకే ఇంట్లో ఉంటే ఏదో ఒక ఆలోచన పుట్టకమానదు. మాకు ఫారం పుట్టింది.

ఫారం అనేది కొంచెం పెద్ద మాట. కోరుట్ల దాటినంక వేములవాడ రోడ్డు మీద మాకు ఇరవై గుంటల చెల్క ఉండె. చుట్టూ తుమ్మకంపతో దడి కట్టి, ఒక రేకుల కొట్టం వేసి, జగిత్యాల అంగడి నుంచి రెండు ఆడమేకల్ని, కొన్ని నాటుకోళ్లను తెచ్చినం. ఇంటికి సరిపోయేటన్ని పాలు, గుడ్లు, ఆదివారం ఇంటిల్లిపాది పోయి కూర్చునేంత నీడ – గంతే మా ప్లాను. మేకలమ్మిన భాయ్ నా ఉద్యోగమేందో అడిగి, "జువాలజీ అంటే జానవర్లదే గదా సార్, ఇగ మీకు నేనేం చెప్పాలె" అన్నడు. చెప్పాల్సింది చాలా ఉండె. కోడి కడుపులో ఏ పేగు ఎక్కడుంటదో నేను కండ్లు మూసుకొని బోర్డు మీద గీస్త. కోడిని పట్టుకునుడు మాత్రం సిలబస్‌లో లేదు.

పట్టుకునేది మా మరదలు, తమ్ముని భార్య. సిరిసిల్ల పిల్ల. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పుట్టి పెరిగింది. పెండ్లయి అప్పటికింకా ఏడాది కాలె. మొదటి రోజు మేకల వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది. వారం తిరగకముందే అదే కొంగు నడుముకు చుట్టి కొట్టం ఊడ్చింది, కోళ్లను గంప కింద కమ్మింది, మేకలకు తుమ్మకాయలు ఏరి వేసింది. మేము ముగ్గురం పర్యవేక్షించేటోళ్లం.

"బావా, మీరు టెంటు కాడికి పోవుండ్రి" అనేది. "రాష్ట్రం మీరు తెండ్రి. మేకలను నేను జూసుకుంట."

చలి మొదలైనప్పుడు రెండిట్లో ఒక మేక ఈనింది. పోతుపిల్ల. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం సున్నం చుక్క పెట్టినట్టు తెలుపు. మా చెల్క మూలకు వేపచెట్టు కింద పోచమ్మ ఉన్నది. ఉన్నది అంటే పసుపు పూసిన ఒక రాయి. తమ్ముడు ఆ పిల్లను చంకలో పెట్టుకొని అక్కడికి పోయిండు. ఫోన్లు విప్పే బ్లేడుతో దాని చెవి కొసకు చిన్న గాటు పెట్టి, "అమ్మా, రాష్ట్రమస్తే గీ పోతు నీదే" అన్నడు.

"కోడిని మొక్కితే సరిపోదార?" అన్న నేను.

"అన్నా, కోడికి జిల్లా అస్తది. రాష్ట్రం రాదు."

అందరం నవ్వినం. మరదలైతే గంప మీద చెయ్యి పెట్టుకొని చాలాసేపు నవ్వింది.

తెలవనోళ్ల కోసం చెప్తున్న. అట్ల మొక్కిన జీవాన్ని ఇగ అమ్మరు, ఒకరికి ఇయ్యరు, వేరే దేనికీ కొయ్యరు. మొక్కు తీరేదాక అది ఇంటి మనిషి లెక్కనే. ఆ మాట తీరకముందు ఇంట్లో ఇంకో శుభకార్యం ముట్టరు. మొక్కినోడు మధ్యలో పోతే ఏం చెయ్యాలన్నది మాత్రం అప్పుడు ఎవరూ అడగలే.

కొట్టంలోకి ముంగిస వచ్చి రెండు కోళ్లను కొట్టింది. ఇనుప జాలీ కావాలె. కోరుట్లలో దుకాణాలు బంద్. సిరిసిల్లలో మరదలి వాళ్లకు తెలిసిన దుకాణం ఉన్నదంటే, "పోయి రారాదు" అని తమ్మునికి చెప్పింది నేనే.

ఆ రోజు పొద్దున మేము లెక్చరర్లమంతా వేములవాడ రోడ్డు మీద రాస్తారోకో చేసినం. అడ్డంగా రాళ్లు పేర్చినం. పేపరోళ్లు ఫోటో అంటే నేను కూడా ఒక రాయిని రెండు చేతులతో లేపి, కోపంగా ముఖం పెట్టిన. పోలీసులొచ్చి లేవమంటే లేచి చాయ్‌కి పోయినం. రాళ్లను తీసెయ్యాలని ఒక్కరికీ యాదికి రాలె. పెట్టుడు ఉద్యమం. తీసుడు ఎవరి పనో మేము మీటింగ్‌లో అనుకోలె.

పొద్దుగూకే యాళ్లకు తమ్ముడు అదే రోడ్డు మీద వచ్చిండు, బండి వెనక జాలీ చుట్ట కట్టుకొని. రాళ్లు అట్లనే ఉన్నయ్. బంద్ కాబట్టి ఆటో దొరకలే. ట్రాక్టర్‌లో జగిత్యాల దవాఖానకు తీసుకపోయినం. పోయేసరికి ఇగ చెయ్యడానికేం లేకుండె. జాలీకి ఏం కాలె. దాన్నే తర్వాత కొట్టానికి కొట్టినం. ముంగిస మళ్ల రాలె.

అమరుల పేర్లు రాసుకునేటోళ్లు మా ఇంటికి ఒకసారి వచ్చిండ్రు. రాళ్లకు తగిలి పోయినోడు ఉద్యమంలో పోయినట్టా, రోడ్డు మీద పోయినట్టా అని వాళ్లలో వాళ్లే చర్చించుకొని, చాయ్ తాగి పోయిండ్రు. తగిలింది నా రాయేనా అని నేను ఎవరినీ అడగలే. రాళ్ల మీద పేర్లు ఉండవు.

పోతు పెరిగింది. సాయంత్రం నాలుగైతే దడి తలుపు కాడ నిలబడి రోడ్డు దిక్కు చూసేది. తమ్ముడు సుబాబుల్ కొమ్మలు బండి మీద వేసుకొని వచ్చే టైము అది. మేత వేసే టైముకు జంతువు ఎదురుచూస్తదని నేను అవ్వకు శాస్త్రం చెప్పిన. అవ్వ తల ఊపింది. ఏడాదిన్నర నుంచి మేము మేత పొద్దున వేస్తున్నమన్న సంగతి ఆమె అనలే. ఇంటికొచ్చినంక నాకే తట్టింది.

తమ్ముని బండిని ఠాణా నుంచి విడిపించి తెచ్చి కొట్టంలో పెట్టినం. పోతు దాని పక్కనే పండుకునేది. ఒకరోజు మధ్యాహ్నం నేను పోయేసరికి ముందటి కాళ్లు సీటు మీద పెట్టి, హ్యాండిల్ దిక్కు ముఖం చేసి నిలబడ్డది. నా నోట్లో నుంచి "తమ్మీ, దిగు" అని వచ్చింది. అది దిగింది. చుట్టూ చూసిన, కోళ్లు తప్ప ఎవరూ లేరు. జువాలజీ డిపార్ట్‌మెంట్ పరువు దక్కింది.

అవ్వ దానికి పేరు పెట్టలే. అన్నం ముందట కూర్చుంటే మాత్రం, "వాడు తిన్నడా?" అని అడిగేది. ఎవరని మేము అడగలే. "తిన్నడు" అని మరదలు జవాబు చెప్పేది.

ఏడాది మాసికం అయినంక మరదలి తండ్రి సిరిసిల్ల నుంచి వచ్చిండు. కొట్టం ముందట నులకమంచం మీద కూర్చొని, కోళ్ల దిక్కు చూసుకుంట అన్నడు:

"చెల్లె, పిల్లకు ఇరవై నాలుగేండ్లు. మా కాడ సాంచెలు నడిపే ఒక పిలగాడున్నడు. అన్ని తెలిసే అడుగుతున్నడు. తీసుకపోత."

"తీస్కపో అన్నా, నేనొద్దంటనా?" అన్నది అవ్వ. "వాని మొక్కు తీరనియ్యి. వాని మాట గట్లనే ఉండంగ వాని పెండ్లం ఇంకో గడప ఎట్ల తొక్కుతది?"

ఆయన మంచిమనిషి. మొక్కు మాట వచ్చేసరికి కండువా భుజాన వేసుకొని లేచిండు. మరదలు గంప లేపి కోళ్లను విడిచిపెట్టింది, ఆ టైముకు విడిచే అవసరం లేకున్నా.

అప్పటి నుంచి మా ఇంట్లో పేపర్ చదువుడు మొదలైంది. ఢిల్లీలో పెద్దలు రాష్ట్రం ఇస్తమని నిర్ణయం చేసిన రోజు కోరుట్లంతా పటాకుల పొగ. బాపు కత్తి నూరిపిస్తనన్నడు. అవ్వ నా ముఖం దిక్కు చూసింది. "ఇది నిర్ణయమే అవ్వా, బిల్లు కాదు" అన్న. బిల్లు పాసైన రోజు, "ఇంకా రాష్ట్రపతి సంతకం కాలె" అన్న. సంతకమైన రోజు, "అపాయింటెడ్ డే అని ఒకటుంటది, అప్పటిదాక వచ్చినట్టు కాదు" అన్న. నాకు ఒక్క అబద్ధం కూడా ఆడే అవసరం రాలె. రాజ్యాంగం సరిపోయింది. వేలిముద్ర వేసే మా అవ్వ నా పుణ్యాన గెజిట్ అంటే ఏందో వాడకట్టు ఆడోళ్లకు చెప్పే స్థాయికి వచ్చింది.

ఒకరోజు కోళ్లకు నీళ్లు పెడుతూ మరదలు అడిగింది: "బావా, గా డే ఎప్పుడు?"

ఆ ప్రశ్న ఆ రోజుల్లో అందరూ అడిగేటోళ్లు. ఆమె అడిగినట్టు ఎవరూ అడగలే. సిరిసిల్ల పిలగాడు ఎన్ని రోజులు ఆగుతడో ఆమెకు తెలవదు, నాకు తెలవదు. తేదీ చెప్పిన. ఆమె వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకొని నీళ్ల గాబు కాడికి పోయింది.

రాష్ట్రం వచ్చింది. నిజంగానే వచ్చింది, ఇగ వంక దొరకకుండా వచ్చింది. చౌరస్తాలో రంగులు చల్లుకున్నరు. నాకు కూడా చల్లిండ్రు. నేను నవ్విన ఫోటో కూడా ఒకటి ఉన్నది.

ఆ ఆదివారం పొద్దున పోచమ్మ కాడికి పోయినం. అవ్వ, బాపు, మరదలు, నేను. పోచమ్మ దగ్గర పూజ చేసే కుమ్మరి పెద్దమనిషి డప్పు పక్కన పెట్టి, పసుపునీళ్ల చెంబు సిద్ధం చేసిండు. దడి తలుపు బయట మరదలి తండ్రి ట్రాలీ ఆటో నిలిపిండు. మరదలి ట్రంకు పెట్టె అప్పటికే అందులో ఎక్కింది. ఇంజన్ బంద్ చెయ్యలే.

మా దిక్కు పద్ధతి ఏందంటే, జీవం మీద నీళ్లు పోస్తరు. అది ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దులపకపోతే కత్తి ముట్టరు.

పోతు అప్పటికి బాపు నడుమెత్తు ఉండె. పెద్దమనిషి నీళ్లు పోసిండు. అది కదలలే. బాపు పోసి, "అమ్మా, ఒప్పుకో" అని దండం పెట్టిండు. అది నెమరు వేసుకుంట నిలబడ్డది.

"తమ్ముని పేరు చెప్పి నువ్వు పొయ్యి సారూ" అని చెంబు నాకు ఇచ్చిండు పెద్దమనిషి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. మేక వీపు మీద ఎన్ని చెంబులు పోసినా ఓర్చుకుంటది. చెవిలో నాలుగు చుక్కలు పడితే మాత్రం ఆగదు, తల నుంచి తోక దాక దులుపుతది. ఇది దేవత మహిమ కాదు, నరాల పని. నాకు తెలుసు. చెంబు చేతిలో పట్టుకొని దాని చెవి మీది గాటు చూసిన. తమ్ముని పేరు గట్టిగా చెప్పిన. నీళ్లు వీపు మీద పోసిన, మెల్లగా, నడిమధ్యకు.

అది నా దిక్కు చూసింది. దులపలే.

అవ్వ ఒక్కసారి ముందుకొచ్చి దాని మెడను రెండు చేతుల్ల పట్టుకున్నది. పసుపునీళ్లు ఆమె రైకకు అంటినయ్. "అమ్మ వద్దంటుంది. జూసిండ్రా? వద్దంటుంది. ఆషాఢంల బోనాలప్పుడు జూద్దాం. అప్పటిదాక ఎవలు ఏడికి పోవద్దు."

బాపు నేల చూసిండు. పెద్దమనిషి, "గట్లనే కానియ్యి అక్కా, బలవంతం లేదు" అని డప్పు మెడకు వేసుకోబోయిండు. బయట ఆటో ఇంజన్ ఆగింది. మరదలి తండ్రి దిగి, ట్రంకు పెట్టె మీద చెయ్యి పెట్టిండు, దించాల్నా వద్దా తెలవనట్టు. నా కాళ్ల కాడ నీళ్లు ఇంకిపోతున్నయ్. నాకు తెలిసింది ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. నేను చెప్పలే.

మరదలు నా చేతిలోని చెంబు తీసుకున్నది. అవ్వ ముందట మోకాళ్ల మీద కూర్చున్నది. రెండున్నరేండ్లుగా పొద్దూమాపూ "తిన్నడు" అని చెప్పిన మనిషి, అవ్వ కండ్లల్లకు చూసి, గొంతు లేపకుండా అన్నది:

"అత్తమ్మా, గిది నీ కొడుకు గాదు. మేక."