కాశీల విడిచిన పండు

మొన్న జడ్చర్ల కాడ బస్సు ఆగితే, కిటికీ కింద ఒకామె సీతాఫలాల గంపతోని నిలబడ్డది. ఆ వాసన తగలంగనే మా అవ్వ యాదికొచ్చింది. నాలుగు పండ్లు తీసుకున్న. పక్కన కూసున్న నా మనుమరాలు 'అన్నీ గింజలే నానమ్మా' అని ముక్కు విరిచింది. మా అవ్వ ఇనుంటే దీనికి రెండు తగిలించేది.

నిజాం రాజ్యం పోయిన కొత్తల మా తాత, అవ్వ కాశీకి పోయొచ్చిండ్రు. మక్తల్ దిక్కు మా ఊరు. తాత మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని, నేసుకుంటనే ఆ రైలు ముచ్చట ఏడాది పొడుగునా చెప్పిండు. కాశీకి పోయినోళ్లు గంగల మునిగి, ఇష్టమైన కాయో పండో ఒకటి విడిచిపెట్టి రావాలె గద. మోహం కొంతన్న తెగుతదని పెద్దల లెక్క. తాత కాకరకాయ విడిచిండు. పుట్టినకాడి నుంచి ఆయన కాకరకాయ ముట్టిన పాపాన పోలేదు. 'దేవుని కండ్లల్ల దుమ్ము కొట్టొచ్చినవ్' అని అవ్వ దెప్పేది. ఆమె మాత్రం సీతాఫలం విడిచింది. ఆ పండంటే ఆమెకు పానం.

విడిచిందన్న మాటే గని, కాలం రాంగనే ఆగమాగం అయ్యేది ఆమెనే. గుట్టల నుంచి కాయలు తెప్పించి, గడ్డిల మాగేసి, పొద్దుగాల లేచి ఒక్కొక్కటి బొటనవేలితోని మెల్లగ ఒత్తి చూసేది. మెత్తబడ్డది నా చేతుల పెట్టి, ఎదురుంగ కూసునేది. 'తియ్యగున్నదా?' అని అడిగేది. నేను ఊ అంటే ఆమె గుటక మింగేది. మా అమ్మ నవ్వు ఆపుకోలేక అటు తిరిగేది. నాకైతే పాపమనిపించేది.

అవ్వకు ఒక భయం ఉండె. పోయేటప్పుడు మనసు దేని మీద ఉంటె దానికోసమే మల్ల పుడతరని పురాణం చెప్పేటాయన అన్నడట. ఆమెకు మల్ల పుట్టుడు వద్దు. ఈ ఒక్క జన్మ కష్టమే చాలని కొడుకుతోని, అదే మా బాపుతోని, ఎన్నిసార్లు చెప్పుకున్నదో.

చివరికి ఆమె మంచం పట్టింది కూడ సీతాఫలాల కాలంలనే. దవాఖానోళ్లు ఇంటికి తీసుకపొమ్మన్నరు. బాపు మంచి పండు వెతికి తెచ్చి, విప్పి, నోటికాడ పెట్టిండు.

'తినమ్మా, ఆశ పెట్టుకొని పోకు. కాశీ దేవునికి నేను చెప్పుకుంట.'

అవ్వ తల అడ్డంగ ఊపి, పండు నాకియ్యమన్నది. తిన్న. 'తియ్యగున్నదా?' అన్నది. ఊ అన్న. ఈసారి ఆమె గుటక మింగలే. బాపు దిక్కు చూసింది.

'పండు మీద మనసు ఎన్నడో పోయింది నాయినా. ఈ పోరి తింటుంటె చూసుడు మీదనే పోతలేదు. కాశీల విడవాల్సింది గదే ఉండె. నాకు తెల్వకపాయె.'

'మరి మల్ల పుట్టాల్నాయె గద?' అన్నడు బాపు, కండ్లు తుడుచుకుంట.

'పుడితే పుడ్త' అని అవ్వ నవ్వింది.

బస్సు కదిలినంక పండు విప్పి, గింజలు తీసి, మనుమరాలి నోట్ల పెట్టిన. ముక్కు విరుచుకుంటనే తిన్నది. 'తియ్యగున్నదా?' అని నేను అడిగిన. అవ్వ కాలం ఎప్పుడో గడిచిపోయిందనుకున్న గని, గడవలే. నాకు ఆమె వయసు వచ్చేదాక ఆగి ఉన్నది.