చేనులో లైటు ఆర్పిన పూట

రాసుకో. నేను మాట్లాడినట్టే రాస్తే చదివేవాళ్లకు అర్థం కాదు, బడి తెలుగులోకి సరిచేస్తానంటున్నావు కదా. సరే, సరిచేసుకో. కానీ ఆ పూట ఎవరు ఏమన్నారో ఆ మాటలు మాత్రం మార్చొద్దు. అవి అట్లాగే ఉండనీ.

మీ అమ్మ ఫోనులో ఒక కూత ఉంది. ఫైరింజను కూతలాంటిది. అది మోగిందంటే ఆకాశంలో ఎక్కడో ఒక నక్షత్రం చచ్చిపోయినట్టు. మొదటిసారి విన్నప్పుడు నేను మదనపల్లెలో మీ ఇంట్లో దోసెలు పోస్తున్నాను. ఇల్లు అంటుకుందేమోనని గరిటె పడేసి వీధిలోకి పరుగెత్తాను. పక్కింటావిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీలే. ఇప్పటికీ ఆ కూత వింటే చేతిలో పని పడేసి లేస్తాను. దానికి కారణం వేరే ఉంది. అది చెప్పడానికే నిన్ను కూర్చోబెట్టాను.

మీ అమ్మ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది, అది జీతం కోసం. పొద్దుగూకాక ఈ చచ్చిన నక్షత్రాల వెంట పడుతుంది, అది దేనికోసమో చాలా రోజులు నాకు తెలియలేదు. ఒకరోజు పొయ్యి దగ్గర తాలింపు వేస్తూ అడిగాను. తను నన్నే ఎదురు అడిగింది.

"మా, తిరగవాత ఏస్తే సుయ్యిమంటాది గదా, అదెంతసేపు?"

"కన్ను మూసి తెరిసేంత."

"ఆ సద్దు అయిపోతాది. కానీ వాసన రోంచేపు ఇంట్లోనే ఉంటాది గదా. నేను ఎతికేది ఆ వాసన."

పెద్ద నక్షత్రం ఒకటి తనలోకి తానే కూలిపోయినప్పుడు గామా కిరణాలు కొన్ని క్షణాలపాటు ఎగజిమ్ముతాయట. అవి మన కంటికి ఆనవు. పైనున్న గాలి వాటిని నేలదాకా రానివ్వదు కూడా. పైన తిరిగే ఉపగ్రహాలు పసిగట్టి, ఆకాశంలో ఫలానా చోట అని కిందివాళ్లకు వెంటనే కబురు పంపుతాయి. ఆ కబురే ఆ కూత. ఆ చోటనే మామూలు వెలుగు కొంచెం మిగిలి ఉంటుంది. ఆఫ్టర్‌గ్లో అంటారట. అదీ చూస్తుండగానే తగ్గిపోతుంది. తెల్లారేసరికి మీ అమ్మ దగ్గరున్న టెలిస్కోపుకు అందకుండా పోతుంది. ఆలోపల ఫోటో తీసి, పాత ఫోటోతో పోల్చి, అక్కడ కొత్త చుక్క ఉందా అని చూడాలి. ఒక్కసారి చూస్తే చాలదు. కాసేపాగి మళ్లీ తీసి, ఆ చుక్క వెలుగు తగ్గిందని చూపించాలి. తగ్గకపోతే అది వేరే ఏదో అట.

మదనపల్లెలో మిద్దె మీద ఆ గొట్టం పెట్టి చూసింది. టమోటా మార్కెట్టు లైట్లకు ఆకాశం బూడిద పూసినట్టు ఉండేది. పుంగనూరులో మా అన్నవాళ్ల మిద్దెకు తీసుకుపోయింది. నేను పుట్టిన ఇల్లు అది. అక్కడ రోడ్డు లైట్లు ఒకటి, మా వదిన ఒకటి. ఊరికే టార్చి వేసుకుని పైకొచ్చి, "ఏమన్నా పడిందా పాపా?" అని, గాలం వేసినవాళ్లను అడిగినట్టు అడిగేదట. ఆ టార్చి దెబ్బకు పడినవి కూడా పోయాయి.

అప్పుడు కుప్పం అవతల మన చేను గుర్తొచ్చింది మీ అమ్మకు. పంపుసెట్టు గది పైకప్పు మీద నిలబడితే చుట్టూ చీకటే. ఒక్కటే చిక్కు. ఏనుగులు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇక్కడ ఏనుగులు లేవు. తర్వాత తమిళనాడు అడవుల్లోంచి దారి చేసుకుని వచ్చాయి, ఇంక పోలేదు. మన చేనుకు పడమర అడవి, తూర్పున మిగతావాళ్ల చేలు. రాగి కంకి పాలుపోసుకుందంటే వాటికి వాసన తగులుతుంది. నాకైతే ఆ కాలమంతా నిద్రలో కూడా చెవులు నిలబడే ఉంటాయి. పక్క పల్లెలో ఒకాయన నీళ్లు మళ్లించడానికి పోయి తిరిగి రాలేదు. ఆయన చెప్పులు గట్టు మీద విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. చూడ్డానికి పోయినవాళ్లలో నేనూ ఉన్నాను. పోకుండా ఉండాల్సింది.

అందుకని మా చేలవాళ్లందరికీ ఒక కట్టుబాటు ఉంది. పంట ఉన్నన్నాళ్లూ ప్రతి చేనులో స్తంభానికి ఒక పెద్ద లైటు, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా వెలగాలి. ఏనుగు చేనులో పడితే ముందు ఆ స్తంభాన్నే తోస్తుంది. కాబట్టి ఏ చేనులో లైటు ఆరితే ఆ చేనులో ఏనుగు ఉన్నట్టు. ఆ చేనువాళ్లు గదిలో దూరి తలుపేసుకోవాలి. మిగతావాళ్లు తూర్పునుంచి డప్పులు కొట్టుకుంటూ, టపాకాయలు కాల్చుకుంటూ వచ్చి దాన్ని అడవిలోకి తోలాలి. ఎవరూ ఎవరినీ అడగక్కరలేదు. లైటు ఆరడమే కబురు.

ఆ పూట నువ్వు మదనపల్లెలో మీ నాయన దగ్గర పరీక్షలకు చదువుకుంటున్నావు. మీ అమ్మ శనివారం కాలేజీ అయ్యాక వచ్చింది. మేము చేనులోనే ఉన్నాం, కాపలాకు. పంపుసెట్టు గదిలో సంగటి కెలికి, చెనక్కాయల చట్నీ నూరాను. మీ తాత ఇంకా చెయ్యి కడుక్కోలేదు. ఫోను కూసింది.

మీ అమ్మ నిచ్చెన ఎక్కేసింది. పైనుంచి అరుపు.

"నాయనా! లైటార్పు నాయనా! బిరీన!"

మీ తాత తిననైనా తినకుండా బోర్డు దగ్గరికి పోయి స్విచ్చి ఆర్పేశాడు. కూతురు అడిగింది, ఆర్పాడు. నేనూ చూస్తూనే ఉన్నాను. మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, చూడు! పదిమందికీ కట్టుబాటు గుర్తుచేసే మనిషే మీ తాత. లైటు ఎప్పుడూ ఏనుగు వల్లనే ఆరుతుంది గాని, మనిషి చేత్తో ఆరడం ఆ చేలలో ఎవరూ ఎరగరు. లైటు ఆర్పిన కాసేపటికి ఆయనే తల మీద కొట్టుకున్నాడు.

"అయ్యో మే! తూరుపోళ్లు ఏమనుకుంటారు?"

పక్క చేను ఆయనకు ఫోను చేస్తే ఎత్తలేదు. చేస్తూనే ఉన్నాడు, మోగుతూనే ఉంది.

"నేను పోయి సెప్పొస్తా. గట్టుమీదనే గదా."

"ఈ సీకట్లోనా? యాడికీ పోవద్దు. గమ్మున కూర్సో."

"ఏనుగులు ల్యావు, ఏమీ ల్యావు. సద్దుందా యాడన్నా?"

టార్చి కోసం తడిమాడు. మన టార్చి కాదు, మీ అమ్మది తీసుకున్నాడు. పూలబొకేకు చుట్టే ఎర్ర జిలుగు కాగితం చుట్టింది ఉంది చూడు, అది. తెల్ల వెలుగు పడితే కూతురి ఫోటో చెడిపోతుందని. ఆ ఎర్ర వెలుగు పాదాల ముందు జానెడు మేరకు తప్ప పారదు. రాగిచేలోకి దిగాడు, నాలుగు అడుగులకే నా కంటికి ఆనకుండా పోయాడు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. పైన ఆ గొట్టం తిరిగే మోటారు సన్నగా మూలుగుతోంది. ఆకాశం నిండా చుక్కలు, అన్ని చుక్కలు ఆ చేనులో ఎప్పుడూ చూడలేదు నేను. ఎప్పుడూ లైటు ఉండేది కదా. అందంగా ఉందని చెప్పలేను. గుహలో ఉన్నట్టు ఉంది.

"మా!" మీ అమ్మ పైనుంచి కేకేసింది. "పడింది మా! పాత ఫోటోలో లేని సుక్క! ఉండాది మా, ఉండాది!"

"ఇంగ దిగు తల్లీ."

"ఇంగో రోంచేపు. మళ్లా తియ్యాల. తగ్గేది సూపించాల."

అప్పుడు తూర్పున మొదటి టపాకాయ పేలింది. దాని వెనకే డప్పు. మన చేనులో ఏనుగు పడిందనుకుని, పాపం, అందరూ కట్టుబాటు ప్రకారం బయల్దేరారు. మనకోసం.

అసలు సంగతి ఎవరికీ తెలియదు. ఏనుగుల గుంపు అప్పటికే పక్కాయన చెరుకుతోటలో ఉంది. ఎప్పుడు దాటాయో, స్తంభం జోలికి పోకుండా, సద్దు లేకుండా మేస్తున్నాయి. టపాకాయలకు బెదిరి లేచాయి. మూడు వైపులా లైట్లు. చీకటి ఉన్నది ఒక్క మన చేనులో. చీకటి ఉన్నచోటికే కదా అవి పరుగెత్తేది.

ముందు వాసన వచ్చింది. పేడ, తడి ఆకు, ఇంకేదో పులిసినట్టు. తర్వాత రాగి దంట్లు విరుగుతున్న చప్పుడు. పెద్ద వానకు ముందు దూరంగా వినపడుతుందే, అట్లా. దగ్గరికొస్తోంది. ఆ చప్పుడుకూ నాకూ మధ్యలో మీ తాత ఉన్నాడు.

నా చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. లైటు వేస్తే అవి ఆగొచ్చు, తిరగొచ్చు. వేస్తే పైన ఫోటో పోతుంది. భూమి పుట్టకముందు ఎక్కడో బయలుదేరిన వెలుగు అట అది, ఆ పూటకు మన చేనుకు చేరింది. మీ అమ్మ దానికోసం ఎన్ని మిద్దెలెక్కిందో నాకు తెలుసు. కానీ నిజం చెబుతున్నా, ఆ క్షణంలో నాకు ఫోటో గురించి ఆలోచనేమీ లేదు. లైటు పడితే ఏం కనపడుతుందోనని భయం. గట్టు మీద చెప్పులు కనపడతాయేమోనని. అందుకే వేలు కదలలేదు.

పైనుంచి మీ అమ్మ అరిచింది.

"మా, నాయన యాడ?"

"రాగిచేలో."

ఒక్క ఊపిరి పీల్చుకున్నంత సేపు కూడా లేదు.

"లైటెయ్యి మా! ఏయ్ మా లైటు!"

వేశాను. చేను పట్టపగలైంది. మూడు పెద్దవి, వాటి కాళ్లకింద ఒక పిల్ల. మన గదికి ఎంత దగ్గర అంటే వాటి చెవుల అంచులు చిరిగి ఉండటం కనపడింది. నిలబడిపోయాయి. ముందున్నది తొండం పైకెత్తి గాలి చూసింది. రాగి పడిపోయి ఉంది, గట్టు తెగి ఉంది. మీ తాత ఎక్కడా లేడు.

పిలుద్దామనుకున్నాను. కానీ పిలవకూడదు, అవి అక్కడుండగా. మీ అమ్మ పైకప్పు మీద బోర్లా పడుకుని ఉంది, నాకు తన వేళ్లు మాత్రం అంచున కనపడుతున్నాయి. ఆ పెద్దది పక్కకు తిరిగింది, పిల్లను ముందుకు తోసింది, అన్నీ గట్టు వెంట ఉత్తరంగా పోయి పడమటి అడవిలో కలిశాయి. చప్పుడు పోయింది. అప్పుడు పిలిచాను. పలకలేదు. మీ అమ్మ నిచ్చెన దిగి నా పక్కన నిలబడి పిలిచింది. పలకలేదు.

"మా, లైటు ఇంగోసారి ఆర్పు," అంది. నాకు పిచ్చి కోపం వచ్చింది.

"ఇంగా నీ సుక్కేనంటే?"

"నాయన దగ్గర ఎర్ర టార్చి ఉండాది మా. ఈ ఎలుతుర్లో అది కానరాదు."

ఆర్పాను. ఇద్దరం చీకట్లోకి చూశాం. ఏమీ లేదు. కళ్లు అలవాటు పడేదాకా ఆగమంది. ఆగాం. అప్పుడు దూరంగా, నేలకు కొంచెం పైన, ఉందా లేదా అన్నట్టు ఒక ఎర్ర చుక్క. నేను చూసేలోపల ఆరిపోయింది. మీ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను సూసినా మా. నువ్వు సూసినావా?" మళ్లీ వెలిగింది. ఈసారి కదిలింది.

గొడ్లు నీళ్లు తాగే సిమెంటు తొట్టిలో ఉన్నాడు మీ తాత. మెడదాకా మునిగి, టార్చి ఉన్న చెయ్యి మాత్రం పైకెత్తి. ఆ చలికాలంలో. ఏనుగులు తొట్టిని ఒరుసుకుంటూ పోయాయట. ఒకటి ఆగి తొండంతో నీళ్లు కూడా తాగిందట. అది నిజమో, తర్వాత కలుపుకున్నాడో నాకు తెలియదు. పళ్లు కొట్టుకుంటుంటే మాట ఎక్కడ వచ్చింది ఆయనకు?

తూర్పు చేలవాళ్లు డప్పులతో వచ్చేసరికి ఆయన్ని దుప్పట్లో చుట్టి మళ్లీ లైటు వేసి ఉన్నాం. పక్కాయన మమ్మల్ని చూశాడు, నిలబడి ఉన్న స్తంభాన్ని చూశాడు.

"అక్కా, కంబం బాగనే ఉండాది గదా. లైటు యాలార్పినారు?"

దుప్పటిలోంచి మీ తాతే చెప్పాడు.

"సచ్చిన సుక్క సూసేదానికప్పా. ఇంగ రోంచేపయ్యుంటే నేనూ సుక్కనయ్యుందును."

ఒకాయన నవ్వాడు. పక్కాయన నవ్వలేదు. ఆయన చెరుకు సగం పోయింది. "సుక్కలు మాకూ ఉండాయిలే పాపా పైన," అని మాత్రం అన్నాడు మీ అమ్మతో. "సెప్పి ఆర్పొచ్చు గదా." మీ అమ్మ ఏడ్చింది అప్పుడు. అంతవరకూ ఏడవలేదు.

లైటు వేశాక తీసిన ఫోటోలన్నీ తెల్లగా వచ్చాయి. ముందు తీసిన వాటిలో మాత్రం ఆ చుక్క ఉంది. ఇంత చిన్నది, ఈగ కాలు పెట్టినంత. రెండోసారి చూపించలేదు కాబట్టి ఒట్టి చుక్కే. ఇక్కడ ఒకటి కనపడింది, మళ్లీ చూడలేకపోయాను అని ఆ పని చేసేవాళ్లందరికీ రాసి పెట్టింది. ఎందుకు చూడలేకపోయిందో రాయలేదు. మర్నాడు, మన తర్వాత చీకటి పడే దేశంలో ఎవరో అదే చోట చూశారట. ఉందట, ఇంకా మసకబారి. అంటే మన చేనులో పడింది నిజమే. ఆ కబురు చదివి సంతోషిస్తుందనుకున్నాను. ఫోను పక్కన పెట్టి, పోయి మీ తాతకు కషాయం కాచింది.

ఇప్పుడు కూడా కూత మోగుతుంది. చేనులో ఉంటే టెలిస్కోపు మూత తీసి పెట్టుకుని పైన నిలబడుతుంది. నేను పక్కాయనకు ఫోను చేయాలి, ఆయన ఎత్తాలి, ఆయన మిగతావాళ్లకు చెప్పాలి, చెరుకులో సద్దు లేదని వాళ్లు చెప్పాలి. ఎంతో సేపు పడుతుంది. ఆ సేపంతా వాసన పోతూనే ఉంటుందని మీ అమ్మకు తెలుసు. తొందరపెట్టదు. ఒక్కటే అడుగుతుంది పైనుంచి.

"నాయన యాడుండాడు మా?"

మీ తాత నా ఎదురుగానే మంచం మీద కూర్చుని ఉంటాడు. అయినా నేను చెయ్యి చాపి ఆయన భుజం మీద పెట్టి, అప్పుడు చెబుతాను.

"ఈడనే ఉండాడు."