ఏడు గ్రూపుల్లో వచ్చిన నోటీసు

అద్దంకి దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క రాయడం నా పని. పదో తరగతితో చదువు ఆగింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అంకె పెద్దదైతే నాకు అనుమానం కూడా పెద్దదవుతుంది.

గుంటూరులో పీజీ చదివే మా అమ్మాయి పరీక్షల మధ్య సెలవులకు ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున పరీక్షనగా, మధ్యాహ్నం సంచి సర్దుతూ ఫోన్ చూసి గంతేసింది.

"నాన్నా, వాయిదా! నోటీసు ఫొటో ఏడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. ఏడూ అబద్ధమవుతాయా?"

ఫోన్ తీసుకుని ఒక్కొక్కటే చూశాను. ఏడు ఫొటోల్లోనూ నోటీసు ఎడమ మూల ఎవరిదో బొటనవేలి నీడ.

"ఇది ఒక్క ఫొటోనేనే అమ్మాయ్. ఒకే కల్లంలో ఎండిన కాయ ఏడు టిక్కీల్లోంచి మచ్చుకి తీసినా ఒక్క సరుకే కదా?"

"అబ్బా, నీకన్నీ మిరపకాయలే!" అంది గానీ మొహం మారింది. కాలేజీకి చేస్తే ఫోన్ ఎత్తలేదు. వెబ్‌సైట్‌లో ఏమీ లేదు. చివరికి హాస్టల్ స్నేహితురాలికి చేసి, నాకు వినపడేలా స్పీకర్ పెట్టింది.

"ఏమే, బోర్డు మీద నోటీసు నువ్వు చూశావా?"

"బోర్డేంటే? హాస్టల్ గ్రూపులో పెట్టింది నువ్వేగా! నీలాంటి పుస్తకాల పురుగే పెట్టాక ఇంక చూసేదేముంది? బస్సెక్కేశా, చీమకుర్తి ఇంటికి పోతున్నా."

నోటీసు రాగానే మా అమ్మాయే దాన్ని హాస్టల్ గ్రూపుకి పంపిందట. తన లెక్కలో ఏడో గ్రూపు అదే. అంటే తన మాటనే తనకు సాక్ష్యంగా లెక్కేసుకుంది.

"దిగవే, దిగు! అది నిజమో కాదో నాకే తెలీదు."

"ఇప్పుడీ మాట ఏ గ్రూపులో వచ్చిందే?" అని నవ్వి ఫోన్ పెట్టేసింది ఆ పిల్ల.

నోటీసు దొంగదని నాకూ రుజువు లేదు. అయినా సాయంత్రం బస్సుకే ఇద్దరం గుంటూరు బయల్దేరాం. దారి పొడవునా తను ఫోన్‌లో టైపు చేస్తూనే ఉంది.

పరీక్ష జరిగింది. బయటికొచ్చాక, "నా వెనక సీటు దానిదే నాన్నా, చీమకుర్తి పోయినదానిది. ఖాళీ," అంది.

"నమ్మొద్దని అందరికీ పెట్టలేదా?"

"ఏడింట్లోనూ పెట్టా. రుజువేదని అడిగారు." ఫోన్ సంచిలో వేస్తూ అంది: "వాయిదా అన్నప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."